వింటర్టూరు సౌధోద్యానములు

పూర్వుల వస్తువులను రక్షించి చూపుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది వానిని జాతులనుబట్టి విభజించి, వెండిని వెండితోడను, పింగాణిని పింగాణితోడను, వస్త్రమును వస్త్రముతోడను జేర్చుట. అమరసింహుఁడు నామములను వర్గములుగాఁ గూర్చిన తీరిది. రెండవది యే వస్తువు మఱి యే వస్తువుతోఁ గలిసి మానవుని నిత్యజీవితమున మెలఁగెనో యా కలయికనే నిలిపి చూపుట. ఇది వాక్యరచన వంటిది. పదమునకు నిఘంటువునం దర్థ మున్నను, ఆకాంక్షాయోగ్యతాసన్నిధులచేతఁ బదాంతరములతో నన్వయించినఁ గాని వక్త యభిప్రాయము బోధపడదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, డెలావేరు రాష్ట్రమున, విల్మింగ్టను నగరమునకు సమీపమున నున్న వింటర్టూరు సౌధ మీ రెండవ పద్ధతికిఁ బ్రసిద్ధోదాహరణము. గృహాలంకారకళయు నుద్యానకళయు నొక్కని చేతిమీఁదుగాఁ బెరిగిన స్థల మగుటచేత దాని చరిత్రము విమర్శింపఁ దగియున్నది.

బ్రాండీవైను నదీతీరమున 1802లో ఎల్యుథేర్ ఇరెనే డ్యూపాంటు అను ఫ్రెంచివాఁడు తుపాకిమందు కర్మాగారమును స్థాపించెను. ఆ వంశమువారి యైశ్వర్యమునకు మూల మదియే. ఆతని కూఁతురు ఎవలీనాయు, అల్లుఁడు జాక్ ఆంత్వాన్ బీడర్మానును 1837 మొదలు 1839 వఱకు నొక గృహమును నిర్మించి, బీడర్మాను పూర్వులు నివసించిన స్విట్జర్లాండు పట్టణము పేరు దానికిఁ బెట్టిరి. పిమ్మట నది డ్యూపాంటులకే చేరినది. 1880లో నిచ్చట జనించిన హెన్రీ ఫ్రాన్సిస్ డ్యూపాంటు హార్వర్డు విశ్వవిద్యాలయమునఁ జదివి 1903లోఁ బట్టభద్రుఁ డయ్యెను. ఆతఁడు ప్రీతితో నభ్యసించినది యుద్యానశాస్త్రము. తోఁట ముందు, గృహసామగ్రి తరువాత యను నీ క్రమమును గుర్తింపవలెను. ఆతఁడు గదులను గూర్చిన పద్ధతికి బీజము తోఁటలోనే యున్నది.

ఉద్యానమునం దాతఁ డనుసరించిన నియమములు మూఁడు. వర్ణములకుఁ బరస్పరమైత్రి యుండవలెను. ఒక పూవు వాడునప్పటికి మఱియొకటి విరియవలెను. మనుష్యుని శ్రమ కంటఁబడక ప్రకృతియే పెంచినట్లు తోఁపవలెను. ఈ మూఁడవదానికి ‘వైల్డు గార్డెన్’ అను గ్రంథమును 1870లోఁ బ్రకటించిన విలియం రాబిన్సను మార్గదర్శకుఁడు. 1902లో నారంభింపఁబడిన ‘మార్చి గట్టు’ మీఁద చలికాలము పూర్తిగాఁ దొలఁగకముందే తెల్లనివి, పసుపువన్నెవి, నీలములు నగు చిఱుపూలు వాలునేల నొకదాని వెనుక నొకటి పఱచుకొనును. తెగులుచేతఁ జెస్ట్‌నట్ వృక్షములు నశించి యడవిలో నేర్పడిన వెలితిని డ్యూపాంటు మఱియొక యందమునకుఁ దావుగాఁ జేసికొనెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనమువలనఁ బ్రసిద్ధికెక్కిన జపాను కురుమే జాతి అజేలియా మొక్కలను 17 తెప్పించి 1917లో నచ్చట నాఁటించెను. నేఁడా వన మెనిమిది యెకరముల మేర వ్యాపించియున్నది. ఇంటి దాపున సోపానములతోను జలాశయముతోను గూడిన తోఁట మాత్రము మేరియన్ కాఫిను (1876–1957) రచన. ఉద్యానశిల్పమును వృత్తిగాఁ గైకొన్న తొలితరపు అమెరికా స్త్రీలలో నామె యొకతె.

గృహసామగ్రిపై డ్యూపాంటు దృష్టి మరలినది 1923లో. వెర్మాంటు రాష్ట్రమందలి షెల్బర్నున ఎలెక్ట్రా వెబ్బు అను నామె యింట, పైనుకొయ్య యల్మారలో గులాబివన్నె స్టాఫర్డుషైరు పాత్రలు పేర్చియుండుటఁ జూచి యాతఁడు ముగ్ధుఁ డయ్యెను. ఆ కొయ్య సామాన్యమైనది. ఆ పాత్రలు రాజభోగ్యములు కావు. అందము పొందికలో నున్నది. దానిని కనిపెట్టినది తోఁటమాలి కన్ను. ఆ యేఁటనే పెన్సిల్వేనియాలోఁ జేయఁబడి, 1737 అను సంవత్సరము చెక్కఁబడిన యొక పెట్టెను కొనెను. అంతవఱకు ధనికులగు నమెరికనులు మేలిసామగ్రికి ఐరోపా వంక చూచుచుండఁగా, ఈతఁడు తన దేశపు వడ్రంగుల పనిని వెదకెను. 1926లోఁ దండ్రి మరణించిన పిదప నింటిని మిక్కిలి పెంచి, పాత యిండ్లనుండి తెచ్చిన కొయ్యపనులతో గదులను గూర్చెను. ఫిలడెల్ఫియా సమీపమున 1762లోఁ గట్టఁబడిన పోర్టురాయలు గృహపుఁ గొయ్యపని యందొకటి. జార్జి వాషింగ్టను వాడిన చీనా పింగాణి భోజనపాత్రలలో 66, పాల్ రెవేరు చేసిన యొక్క తీరు వెండి పానపాత్ర లాఱు నిందుఁ జేరినవి. నేఁ డీ సౌధమున 175 గదులును, దాదాపు 90,000 వస్తువులును, చుట్టు 60 ఎకరముల యుద్యానమును గలవు. యజమాని కాపురమున్న కాలమున, తోఁటలో నాఁడు పూచిన పూల వన్నెనుబట్టి భోజనపాత్రల నెంచుచుండిరి.

ఇఁక నాక్షేపము. ఉత్తర కెరొలినాలోని మోంట్‌మొరెన్సీ గృహమునుండి తెచ్చిన మెట్ల వరుస మొదట వృత్తాకారమున నుండెను. వింటర్టూరునందలి తావున కది యొదుగకపోఁగా దీర్ఘవృత్తముగా మార్చి నిలిపిరి. చూచువారిని ముగ్ధులఁ జేయు సోపాన మదియే. పూర్వరూపమునుండి తొలఁగినదియు నదియే. ఛందస్సు సరిపడుటకై పాఠమును దిద్దిన లేఖకునికిని నీ పనికిని భేద మల్పము. పాత యిండ్లు పలుచోట్లఁ బాడువడుచుండెను, కొనిపోకున్న నంతయు నశించియుండును అను సమాధానము కలదు. అది యసత్యము కాదు. అయినను బ్రదర్శకుఁ డీ మార్పును మఱుఁగుపఱుపఁ గూడదు. ఈ గదులు పదునెనిమిదవ శతాబ్ది వాక్యములు కావు. ఆ శతాబ్ది పదములతో నిరువదవ శతాబ్దివాఁడు రచించిన వాక్యములు. అట్లు గ్రహించినచో వాని విలువ తఱుగదు. వాని యర్థము స్పష్టపడును.

ఆంధ్రులకు సంబంధించిన యంశ మొకటి యిందుఁ గలదు. వింటర్టూరు వస్త్రసంచయమున భారతదేశపుఁ జిత్రవస్త్రములును జేరియున్నవి. అట్టి వస్త్రములకుఁ బ్రసిద్ధి నొందిన కోరమాండలు తీరమున మచిలీపట్టణము ముఖ్యమైన రేవు. ఆంగ్లేయు లచ్చట 1611లో వర్తకస్థానమును నెలకొల్పిరి. కరక్కాయ కషాయమున నానఁబెట్టిన గుడ్డపై, పటిక నీటితో వ్రాసిన చోట్లను చిరివేరుతో నెఱుపెక్కించి, యినుపకాటుతో నలుపు దీర్చి, మైనము కప్పి నీలిరంగు వేయుట వారి విద్య. ఆంగ్లవర్తకులు ‘పాలంపూర్’ అని పిలిచిన దుప్పటి పేరు ‘పలంగ్‌పోష్’ శబ్దపు వికృతి. మంచముపైఁ గప్పునది యని యర్థము. 1721 నాఁటి శాసన మిట్టి యద్దకముల వాడుకను ఇంగ్లండున నిషేధించినను, బయటిదేశముల కెగుమతిని నిషేధింపలేదు. కావున నవి లండను మీఁదుగా అమెరికా వలసలకుఁ బోయెను. రెవేరు వెండిపై రెవేరు ముద్ర యున్నది. మన యద్దకపువాని దుప్పటిపై వాని పే రెచ్చటను లేదు. అమెరికా కర్మశాలలలో బానిసలై పాటుపడిన నల్లజాతివారి పనికిని యజమానుల పేళ్లే నిలిచినవి. వాక్యమున కర్త లోపించినను క్రియ కర్త నాకాంక్షించును. ఆ యాకాంక్షను దీర్చుట ప్రదర్శనశాలల ధర్మము.

1951 అక్టోబరు 30న డ్యూపాంటు తన సౌధమును ప్రజలకుఁ దెఱచి, తాను తోఁటలోని చిన్న యింటికిఁ దరలెను. 1952లో డెలావేరు విశ్వవిద్యాలయముతోఁ గలిసి యచ్చట నున్నతవిద్య యారంభింపఁబడెను. 1974లో వస్తుసంరక్షణ విద్యయుఁ దోడయ్యెను. 1961లో శ్వేతసౌధ పునరలంకరణ సంఘమున కాతఁడే యధ్యక్షుఁడు. 1969లో మరణించెను.

ఆ 1951వ సంవత్సరముననే డిసెంబరు 16న హైదరాబాదున సాలార్‌జంగు ప్రదర్శనశాల, దివాన్ దేవిడీలో, తెఱవఁబడెను. మూఁడవ సాలార్‌జంగు (1889–1949) సంచయము నాఁడు తన యింటనే యుండెను. 1968లో మూసీతీరమందలి క్రొత్త భవనమునకుఁ దరలి, వర్గములుగా విభక్త మయ్యెను. అందువలన రక్షణమును, ప్రజలకు సౌలభ్యమును గలిగినవి. కాని దేవిడీలోఁ జాలభాగము నేఁడు లేదు. ఏ దీపమే గదిలో వెలిఁగెనో, యే పీఠ మే కిటికీ చెంత నుండెనో చూపఁగల సన్నిధి తొలఁగినది. పదములు నిలిచినవి, వాక్యము చెదరినది.

కోశ మక్కఱలేదని యెవ్వరు ననరు. కోశము లేనిదే పదములు దొరకవు. అయితే విఱిగిన పదమును జక్కఁజేయవచ్చును. విడిపోయిన యన్వయమును మరలఁ గూర్చుట దుష్కరము. 1948 నాఁటి శాసనముచే జమీందారీలు రద్దైన పిమ్మట, ఆంధ్రదేశపుఁ గోటలలో మిగిలిన మందిరములకును దోఁటలకును నీ మాట వర్తించును. ఒక మంచమును గాని, యద్దమును గాని, సంపెఁగచెట్టును గాని కదల్పకముందు అది యెచ్చట, దేని ప్రక్కను, ఎవరి చేతిపనియై యుండెనో వ్రాసి యుంచుట కధికధన మక్కఱలేదు. ఆ వ్రాత యున్నచోఁ దరువాతివారు వాక్యమును జదువఁగలరు.