బడి లెక్క ఎవరికి చెప్పాలి?
హైదరాబాదు విద్యా సంస్కరణలపై ఒక పరిశీలన

ప్రభుత్వ పాఠశాలల సంస్కరణ గురించి మనలో రెండు ధోరణులు కనిపిస్తాయి. తనిఖీ, జవాబుదారీ అన్న మాట వినగానే అది సర్కారు జోక్యమని శంకించేవారు కొందరు. పిల్లవాణ్ణి బడిలో చేర్చడంతో తమ బాధ్యత తీరిందని అనుకునేవారు మరికొందరు. మన చరిత్ర ఈ రెండు ధోరణులనూ సమర్థించదు.

ముహ్తసిబ్ అంటే బజారులో తూనికలు, కొలతలు పరీక్షించే అధికారి. 1058లో మరణించిన న్యాయవేత్త అల్ మావర్దీ పిల్లల ఉపాధ్యాయులను కూడా ఆ అధికారి పర్యవేక్షణలోనే ఉంచాడు. పిల్లలు గురువుల నడవడినే అలవరచుకుంటారన్నది ఆయన చెప్పిన కారణం. మదరసాలు చాలావరకు వక్ఫు ఆదాయంపైనే నడిచేవి. ఆ ఆదాయాన్ని దేనికి ఖర్చు చేయాలో వక్ఫునామా నిర్ణయించేది. ముతవల్లీ తప్పుచేస్తే ఖాజీ ముందు సంజాయిషీ చెప్పుకోవలసిందే. అంటే లెక్క అడగడం మనకు పరాయి విషయం కాదు.

ఇక మన హైదరాబాదు సంగతి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ హయాంలో, 1856లో దారుల్ ఉలూమ్ వెలసింది. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో సర్ అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను నిజాం ఆమోదించగా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యాన దారుల్ తర్జుమా వెలసింది. గణితం, వైద్యం, చరిత్ర, న్యాయశాస్త్రం ఉర్దూలోకి వచ్చాయి. ఒక్కొక్క శాస్త్రపదాన్ని అరబ్బీ నుండి తీసుకోవాలా, ఫార్సీ నుండా, వాడుక మాట నుండా అని పండితులు కూర్చుని తర్కించేవారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన ఆ కృషి సామాన్యమైనది కాదు.

కాని న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. రాజ్యంలో అధిక సంఖ్యాకుల ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు పిల్లవాడు పై తరగతులకు వెళ్లాలంటే ఉర్దూలోకి మారక తప్పేది కాదు. పైగా 1920లలో ప్రైవేటు బడి పెట్టడానికి ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలన్న నిబంధన వచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ ఇటువంటి ఆంక్షలను ప్రతిఘటించింది. 1951 నాటికి కూడా ఆ రాజ్యంలో చదవను రాయను వచ్చినవారు నూటికి పదిమంది లేరు. పై అధికారికి మాత్రమే లెక్క చెప్పే విద్యావ్యవస్థ విశ్వవిద్యాలయాన్ని నిర్మించగలదేమో గాని, పల్లె బడిని నిలబెట్టలేదు.

ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం చట్టరూపంలో తరువాత జరిగింది. పాఠశాల నిర్వహణలో తల్లిదండ్రులకు చోటిస్తూ 1998లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. 2003లో దేశవ్యాప్తంగా ముందుగా చెప్పకుండా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను పరిశీలిస్తే, నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో లేరని తేలింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి. బడికి వచ్చిన నిధుల ఖర్చును చూసే అధికారం ఆ కమిటీకి ఉంది. ఇంటి దగ్గర అక్షరం రాని తల్లికి కూడా బడిలో లెక్క అడిగే హక్కు వచ్చిందన్నమాట.

మనకు సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. 2012 సవరణ మదరసాలను ఈ చట్టం నుండి మినహాయించింది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలన్నిటికీ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉందని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. న్యాయస్థానం ఏమి తేల్చినా, రాజ్యాంగం మన సంస్థలకు ఇచ్చినది స్వయంపాలన. లెక్క చెప్పనవసరం లేదన్న హామీ కాదు.

హఫీజ్‌పేట ఒకప్పుడు రైలు స్టేషను గల పల్లె. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత చుట్టూ నగరం లేచింది. ఆ మేడల్లో ఊడ్చేవారి పిల్లలకు, కార్లు నడిపేవారి పిల్లలకు ప్రభుత్వ బడే దిక్కు. కనుక కమిటీ సమావేశానికి మన తల్లులు, తండ్రులు తప్పక వెళ్లాలి. ఉపాధ్యాయుని అవమానించడానికి కాదు. ఖాళీ పోస్టు గురించి, మూతపడిన మరుగుదొడ్డి గురించి, చదవలేని పిల్లవాని గురించి మర్యాదగా అడగడానికి. అదే ప్రశ్నలను మన మదరసాల ముతవల్లీలను అడగడానికి కూడా మనం సిద్ధపడాలి. జమాఖర్చుల పట్టికను ఏటా మస్జిదు గోడకు అంటించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.