పెళ్ళిజడ

పెళ్ళిజడ తెలుగు వధువుకు వివాహ సమయంలో వేసే అలంకృతమైన జడ. పూలు కుట్టిన జడను పూలజడ అని, బంగారు లేదా ఇతర లోహపు బిళ్ళలు అమర్చిన జడను బిళ్ళలజడ అని అంటారు. రెండింటినీ కలిపి వేయడం కూడా పరిపాటి. వివాహతంతులోని ముఖ్య ఘట్టాలు కొన్ని వధువు తలతోను, మెడతోను ముడిపడి ఉన్నాయి. అందువల్ల పెళ్ళిజడ ఎంపికలో అందం ఒక్కటే ప్రమాణం కాదు. బరువు, ఋతువు, ముహూర్త సమయం, జుట్టు స్వభావం కూడా పరిగణింపదగినవి.

భాగాలు

* పాపిటబిళ్ళ: పాపిట వెంబడి సాగి నుదుటిపై వ్రేలాడే బిళ్ళ.
* సూర్యవంక, చంద్రవంక: పాపిటకు కుడివైపున సూర్యుని, ఎడమవైపున చంద్రుని ఆకృతిలో ధరించే నగలు.
* నాగరం: జడ మొదలయ్యే చోట తల వెనుక అమర్చే నగ. దీనిపై పాముపడగ ఆకృతి తరచుగా కనిపిస్తుంది.
* జడబిళ్ళలు: జడ పొడవునా పైనుండి క్రిందికి పరిమాణం తగ్గుతూ వచ్చే బిళ్ళలు. హంస, నెమలి, మామిడిపిందె వీటిపై సాధారణంగా కనిపించే రూపాలు.
* జడకుచ్చులు: జడ చివర కట్టే కుచ్చులు. వీటికి బదులు లోహపు జడగంటలు కూడా వాడతారు.
* సవరం: జడ పొడవును, లావును పెంచడానికి కలిపి అల్లే విడి జుట్టు.

పూలజడ

పూర్వం ఇంటి స్త్రీలే సూదీదారాలతో పూలను నేరుగా జడకు కుట్టేవారు. ఇందుకు కొన్ని గంటలు పట్టేది. ముళ్ళు తీసిన మొగలిరేకులను మడిచి కుట్టే మొగలిజడ వీటిలో ప్రసిద్ధమైనది. పెళ్ళికే గాక సీమంతం వంటి వేడుకలకు కూడా పూలజడ వేస్తారు. వేసవిలో చిన్నపిల్లలకు మల్లెమొగ్గల జడ వేయించి, జడ కూడా కనబడేటట్లు వెనుక అద్దం ఉంచి ఫోటో తీయించే అలవాటు తెలుగు కుటుంబాలలో చాలాకాలం ఉండేది. ఇప్పుడు గుడ్డపట్టీకి గాని అట్టకు గాని ముందుగా కుట్టి తెచ్చిన జడను జుట్టుపై కట్టడం ఎక్కువైంది.

పూల ఎంపిక ఋతువును బట్టి ఉంటుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్ళిళ్ళకు మల్లెలు సమృద్ధిగా దొరుకుతాయి. మాఘమాసంలో చామంతులు లభిస్తాయి. మల్లెమొగ్గ సాయంత్రం విచ్చుకొని మరునాటికి రంగు మారుతుంది. కనుక మరునాడు పగటి ముహూర్తం ఉన్నప్పుడు మల్లెజడను ముందురోజే వేస్తే పూలు వాడిపోతాయి. కనకాంబరానికి పరిమళం లేకపోయినా, తేలికగా ఉండి ఎక్కువసేపు వాడకుండా నిలుస్తుంది. పరిమళం కోసం దాని నడుమ మరువం గాని, దవనం గాని చేరుస్తారు.

బిళ్ళలజడ

కొన్ని కుటుంబాలలో జడబిళ్ళలు తల్లి నుండి కూతురికి సంక్రమిస్తాయి. కొత్తగా చేయించడం ఖర్చుతో కూడిన పని. పైగా పెళ్ళి తరువాత వాటిని ధరించే సందర్భాలు తక్కువ. అందువల్ల పూత నగలను కొనడం, లేదా అద్దెకు తెచ్చుకోవడం కూడా వాడుకలో ఉన్నాయి. మచిలీపట్నంలోని చిలకలపూడి బంగారుపూత నగలకు పేరుపొందింది. నాట్యకళాకారులు, వధువులు ధరించే ఎర్రరాళ్ళ నగలకు తమిళనాడులో నాగర్‌కోయిల్ వద్దనున్న వడశేరి ప్రసిద్ధి.

బంగారు బిళ్ళలలో రాళ్ళు, కొన్నిటి లోపల లక్క ఉంటాయి. మొత్తం బరువునంతా బంగారంగా లెక్కించకుండా, బంగారం బరువును రసీదులో విడిగా వ్రాయించుకోవడం అవసరం. భారతదేశంలో 2021 జూన్ 16 నుండి బంగారు నగలకు హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. హాల్‌మార్కు తప్పనిసరి అయిన చోట్ల, 2023 ఏప్రిల్ 1 నుండి అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య లేని నగలను వర్తకులు అమ్మరాదు. రెండు గ్రాములలోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఉంది. 22 క్యారెట్ల బంగారంపై 916 అనే అంకె ఉంటుంది.

వివాహతంతుతో సంబంధం

సుముహూర్త సమయంలో వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర, బెల్లం ఉంచుతారు. కనుక నాగరం, పూలచెండ్లు నడినెత్తిని కప్పకుండా వెనుకకు ఉండేటట్లు అమర్చాలి. నుదుట బాసికం కట్టవలసి ఉన్నందున పాపిటబిళ్ళ మరీ పెద్దదైతే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. మాంగల్యధారణలో వరుడు మూడుముళ్ళు వేసేటప్పుడు వరుని సోదరి గాని, ప్రక్కనున్న ముత్తైదువ గాని వధువు జడను పైకెత్తి పట్టుకుంటారు. మందపు అట్టపై కుట్టిన జడ, మెడ వద్ద వంగకపోవడం వల్ల, ఈ సమయంలో ఇబ్బంది కలిగిస్తుంది. హోమం వద్ద కూర్చోవలసి ఉంటుంది కాబట్టి సులభంగా నిప్పంటుకొనే ప్లాస్టిక్ పూలు, నైలాన్ సవరం విషయంలో జాగ్రత్త అవసరం.

బరువు, జుట్టు ఆరోగ్యం

వధువు ఈ జడతో అనేక గంటలు కూర్చొని, వంగి, లేచి తిరగవలసి ఉంటుంది. బరువైన జడ జుట్టు కుదుళ్ళను లాగి తలనొప్పి, మెడనొప్పి కలిగిస్తుంది. బిగుతైన జడలు తరచుగా వేసుకుంటే లాగుడు వల్ల జుట్టు రాలే అవకాశం ఉన్నదని చర్మవైద్యులు చెబుతారు. పలుచని జుట్టు గల వధువుకు తేలికైన పూలజడ, పొట్టి సవరం అనుకూలం. బరువైన బిళ్ళలను కేవలం జుట్టుకే గాక లోపల అల్లిన గుడ్డపట్టీకి కూడా కుట్టితే కుదుళ్ళపై భారం తగ్గుతుంది. పెళ్ళికి ముందే ఒకసారి జడను పూర్తిగా వేయించుకొని, వంగి లేచి చూడటం వల్ల ఇటువంటి లోపాలు ముందే బయటపడతాయి. జడను విప్పేటప్పుడు లాగకుండా, కుట్లను ఒక్కొక్కటిగా కత్తిరించాలి.

కళలలో

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపం అనే కూచిపూడి నృత్యరూపకంలో సత్యభామ తెరపై నుండి తన జడను ప్రేక్షకులవైపు వేసి రంగప్రవేశం చేయడం సంప్రదాయం. ఇది పాత్రధారి తన విద్యతో సభకు విసిరే సవాలుగా భావింపబడింది. ఈ పాత్రకు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) విశేషఖ్యాతి పొందాడు.

ఇవి కూడా చూడండి

* జడ
* బాసికం
* కనకాంబరం
* తెలుగువారి పెళ్ళి