మమ్మల్ని ఏ గడిలో రాస్తారు?

1991 జనాభా లెక్కలప్పుడు చిలకలూరిపేట దగ్గర పల్లెలో మా ఇంటికి మేష్టారొచ్చాడు. మాతృభాష ఏదంటే మా నానీ ఉర్దూ అంది. పక్కింటి నూర్‌బాషా పిన్ని తెలుగంది. "సాయిబులై ఉండి తెలుగేందమ్మా?" అన్నాడాయన. పిన్ని జవాబు కాగితమెక్కింది. ఆయన ఆశ్చర్యం ఎక్కలేదు.

పరిశోధకుడు తన ఇష్టాయిష్టాల్ని గడప బయట వదలాలని తర్వాత బీఏలో చదివాం. వదిలినవాళ్లెందరు? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. రంగాచారి తోడుగా 1909లో దక్షిణాది కులాలూ తెగల గురించి ఏడు సంపుటాలు తెచ్చాడు. అందులో దూదేకుల వారూ ఉన్నారు. కర్నూలు మాన్యువల్ లాంటి పాత సర్కారీ పుస్తకాల మాటలే అక్కడ మళ్లీ వినిపిస్తాయి. ముస్లిములేగానీ పెళ్లిలో తాళి కడతారు, మతం తెలియదు అనే ధోరణి. విల్లు మీటి దూది ఏకిన మనిషి తన గురించి ఏమనుకున్నాడో అందులో వెతికితే దొరకదు. పత్తి పండిన ఈ నేల మీద ఎందరి పరుపుల్లోనో ఉన్నది ఆ చేతి పనే. తన కొలబద్దతో ఎదుటివాడి బతుకు కొలవడాన్ని సమాజశాస్త్రం స్వజాతి కేంద్రీయత అంటుంది.

మేమూ తక్కువ తినలేదు. ఉర్దూ రాని సాయిబని నూర్‌బాషాల్ని నవ్విందెవరు? వాళ్లతో సంబంధం కలుపుకోనిదెవరు? మేమే. ఇస్లాంలో కులం లేదని సభల్లో చెప్పి, పెళ్లి మాటల దగ్గర దాన్ని లోపలికి పిలిచాం. తెల్లదొర రాసింది తప్పంటూ తిట్టేముందు ఇది ఒప్పుకోవాలి.

1970 బీసీ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు 'బి' గ్రూపులో చేరారు. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, పకీర్లు బయటే ఉన్నారు. ముస్లిములందరికీ కలిపి 2004లో ఒకసారి, 2005లో మరోసారి ఇచ్చిన 5 శాతం హైకోర్టులో నిలవలేదు. 2007లో వృత్తుల్నీ వెనకబాటునీ చూసి, పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్నీ కొట్టేసింది. బీసీ కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందులో ముఖ్యమైన ఆక్షేపణ. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ రిజర్వేషను బతికింది. నమూనా ఎలా తీశారు, ఎన్ని ఇళ్లు చూశారు అనేది మాకు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. తర్వాత అదే మా పిల్లల సీట్ల మీదికొచ్చింది.

నూర్‌బాషా పిన్ని మిరప తొడిమలు తీసేది. రోజంతా దగ్గు, అరచేతుల్లో మంట, సాయంత్రానికి బస్తాల లెక్కన కూలి. మేష్టారు వృత్తి అడిగితే "ఇంట్లోనే ఉంటానయ్యా" అంది. ఆయన అదే రాసుకుని వెళ్లిపోయాడు. ఇంకోమాట అడిగినా, ఆ చేతుల కేసి ఒకసారి చూసినా ఆ గడిలో వేరే మాట పడేది. సమాజశాస్త్రం దాన్నే పరిశీలన అంటుంది.

జనగణనలో కులమూ లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ మాట విన్నప్పట్నుంచీ మా పేటలో ఒకటే వాదన. షేక్ అని రాయించాలా, దూదేకుల అని చెప్పాలా, వట్టి ముస్లిం అంటే చాలదా? మసీదు ముందు మొదలైన మాట టీ కొట్టు దాకా వచ్చింది. పిన్ని మనవడు మాత్రం మమ్మల్నే అడిగాడు: "మీరంతా మమ్మల్నేమని చెప్తారు, అన్నా?"