రిలే పుట్టుక

1831లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జోసెఫ్ హెన్రీ అను ఉపాధ్యాయుడు మైలుకు మించిన తీగ చివర విద్యుదయస్కాంతముతో గంట మ్రోగించెను. కాని తీగ పొడవు పెరిగినకొలది ప్రవాహము క్షీణించును. అట్టి ప్రవాహముతో పెద్ద పని చేయించుట ఎట్లు?

1835 ప్రాంతమున ప్రిన్స్‌టన్ కళాశాలలో ఆయన ఉపాయము చూపెను. దూరమునుండి వచ్చు అల్పప్రవాహముచే ఒక చిన్న అయస్కాంతము పాదరసపు గిన్నెలోని తీగను పైకెత్తును. అంతట రెండవ విద్యుద్వలయము తెగి, అందలి పెద్ద అయస్కాంతము మోయుచున్న బరువులు దభాలున నేలబడును. రిలేకు మూలమిదియే.

1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు కదలెడి భాగములు లేకయే ఈ పనికి పనికివచ్చెను. నేడు 5 వోల్టుల సంకేతముతో మోటారును నడుపగోరు విద్యార్థి సంకేతపు తీగకే మోటారును తగిలింపరాదు. సంకేతమిచ్చు పరికరము మాడిపోవచ్చును. నడుమ ట్రాన్సిస్టరు ఉండవలెను. హెన్రీ చూపిన సూత్రమే ఇది: సంకేతము దారి తెరచును, లేదా మూయును, పనిచేయు శక్తి వేరొక విద్యుత్ఘటమునుండి రావలెను.