జ్వరం: ఒకే మాట, ఎన్నో తాపాలు

భాగవతం దశమ స్కంధంలోని బాణాసుర యుద్ధంలో జ్వరం ఒక యోధునిగా కనిపిస్తుంది. శివుని పక్షాన మూడు శిరస్సులు, మూడు పాదాలు గల జ్వరం శ్రీకృష్ణునిపైకి వస్తుంది. ఆయన దానిపై వైష్ణవ జ్వరాన్ని ప్రయోగిస్తాడు. శైవ జ్వరం ఓడి శరణు వేడుతుంది. కథ పౌరాణికమే. అయినా సేనలను కూల్చడంలో జ్వరం అస్త్రానికి తీసిపోదన్న ఎరుక అందులో ఉంది.

జ్వరం రుద్రుని కోపం నుండి పుట్టిందని, దేహానికీ మనస్సుకూ కలిగే సంతాపమే దాని లక్షణమని చరక సంహిత చెబుతుంది. నేడు సంతాపమంటే మనకు సంతాప సభే గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు ఒంటి వేడికీ, మనోవ్యథకూ అదే మాట. విరహంతో వేగిపోయే నాయికకు చెలికత్తెల చేత శైత్యోపచారాలు చేయించిన మన ప్రబంధ కవులు ఆ రెండింటినీ వేరు చేయలేదు. కవిత్వంలో ఇది సొగసు. వైద్యంలో మాత్రం ఒకే మాట క్రింద అనేక వ్యాధులు దాగడం ప్రాణాంతకమైంది.

1809లో బ్రిటిష్ ప్రభుత్వం నెపోలియన్‌కు వ్యతిరేకంగా సుమారు 40,000 మంది సైనికులను నెదర్లాండ్స్‌లోని వాల్కెరెన్ అనే చిత్తడి దీవికి పంపింది. పోరులో మరణించినవారు 106 మంది. వ్యాధులకు బలైనవారు సుమారు 4,000 మంది. స్వదేశం చేరిన తరువాత కూడ వేలాది మంది మంచం పట్టారు. ఆనాటి వారు దానిని ‘వాల్కెరెన్ జ్వరం’ అన్నారు. అది మలేరియా, టైఫస్, టైఫాయిడ్, రక్త విరేచనాలు కలగలసిన ఉపద్రవమని నేటి పరిశీలకుల అభిప్రాయం. సింకోనా బెరడు వీటిలో మలేరియాకే పనిచేస్తుంది. ఆ బెరడైనా తగినంత నిల్వ లేదు.

1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ సుమారు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతలను పరిశీలించి గ్రంథం వెలువరించాడు. జ్వరం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం అన్న దృష్టి దానితో స్థిరపడింది. 1880లో అల్జీరియాలో లావెరాన్ రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో గుర్తించాడు. ఇద్దరూ సైనిక వైద్యులే కావడం గమనార్హం.

వాడుకలో ఈ మాటకు హద్దులు లేవు. ఎన్నికల జ్వరం, క్రికెట్ జ్వరం, పరీక్షల జ్వరం! ఇవి హాని లేనివి. నాకు ఆసక్తి కలిగించేది ‘లోజ్వరం’. థర్మామీటరు 98 చూపుతున్నా రోగి “లోజ్వరం ఉందండీ” అంటాడు. దానిని నవ్వి కొట్టివేయరాదు. కొందరిలో అది చరకుడు చెప్పిన మనస్సంతాపం. మరికొందరిలో సాయంకాలం మాత్రమే తలయెత్తే క్షయ జ్వరం. అది ఉదయపు ఓ.పి.లో దొరకదు. అటువంటివారు కొన్నాళ్లు సాయంత్రపు ఉష్ణోగ్రతను కాగితంపై వ్రాసి తెస్తే వైద్యునికి ఎంతో మేలు.

దీనికి తిరుగుడుగా, “జ్వరం తగ్గింది, ఇక భయం లేదు” అన్న మాట డెంగీలో మోసం చేస్తుంది. అక్కడ వేడి దిగుతున్న ఒకటి రెండు రోజులే అపాయకరం. రక్తనాళాల నుండి ద్రవం బయటకు జారేది అప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత కనిపిస్తే థర్మామీటరు ఏమి చూపుతున్నా రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.