భివండి సాంచాల మీద ఫ్లీస్ ఎందుకు నేయరు?

మహారాష్ట్ర థానే జిల్లాలోని భివండి, దేశంలోని పెద్ద మరమగ్గాల పట్టణాల్లో ఒకటి. అక్కడి శాంతి నగర్ గల్లీల్లో సాంచాల, అంటే మరమగ్గాల, మోతకు పక్కనున్న మనిషి మాట వినపడదు. ఈ ఊరి నేతగాళ్లలో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలున్నారు, తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలున్నారు. మనవాళ్ల పేట అంటే ముందుగా గుర్తొచ్చేది పద్మనగర్. సిరిసిల్లలో సాంచె పని తెలిసిన పెద్దవాళ్లలో చాలామంది ఆ పని నేర్చుకున్నది భివండిలోనే.

ఈ సాంచాలకు ఎక్కే నూలులో పాలిస్టర్ ఉంది. చలికాలంలో ఫుట్‌పాత్ మీద గుట్టలు పోసి అమ్మే ఫ్లీస్ జాకెట్టూ పాలిస్టరే. నూలు ఒకటే అయినా భివండి ఫ్లీస్ ఊరు కాలేదు. కారణం వెతికితే, ఫ్లీస్‌కు చెప్పే గుణాలు అసలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా బయటపడుతుంది.

ముందు పాలిస్టర్ సంగతి. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీనికి పేటెంటు తీసుకున్నారు. భివండికి దూరం కాని పాతాళగంగలో రిలయన్స్ పాలిస్టర్ నూలు కర్మాగారం 1982లో మొదలైంది. అదే ఏడాది జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై, మిల్లుల పని మరమగ్గాలకు తరలింది. 1985 జౌళి విధానం పత్తితో పాటు కృత్రిమ నూళ్లకూ తలుపులు తెరిచింది. పాలిస్టర్ ఇక్కడి సాంచాలకు ఎక్కడంలో ఈ చివరి మూడింటిలో దేని ప్రభావం ఎంతో తూచి చెప్పడం కష్టం. ఆ మూడూ మూడు నాలుగేళ్ల వ్యవధిలో పడ్డాయన్నది మాత్రం నిజం.

ఫ్లీస్ పుట్టింది అమెరికాలో. మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్‌లోని మాల్డెన్ మిల్స్, పటగోనియా కంపెనీతో కలిసి 1979 ప్రాంతంలో దీన్ని తయారు చేసింది. 1993లో వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన నూలుతోనూ ఫ్లీస్ వచ్చింది. 1998లో జపాన్ బట్టల కంపెనీ యూనిక్లో టోక్యోలోని హరాజుకు దుకాణంలో 1900 యెన్లకే అమ్మడంతో, కొండలెక్కేవాళ్ల బట్ట అక్కడ ఇంటింటి బట్టయింది.

దీని తయారీని దగ్గర నుంచి చూడాలి. సాంచె మీద పడుగు బీము నుంచి నిలువుగా వస్తుంది, నాడా పేకను అడ్డంగా తీసుకెళ్తుంది. పోగులు ఒకదాన్నొకటి దాటుతూ బిగుసుకుంటాయి. ఫ్లీస్ నేత కాదు, అల్లిక. గుండ్రటి అల్లిక యంత్రం మీద సూదులు పోగును ఉచ్చులు ఉచ్చులుగా తిప్పుతాయి. తర్వాత సన్నని తీగల పళ్లున్న రోలర్లు ఆ ఉచ్చులను గీరి పైకి లాగితే నూగు లేస్తుంది. ఆ నూగును కత్తిరించి సమం చేస్తారు. వెచ్చదనమంతా ఆ నూగులో చిక్కి కదలకుండా ఉన్న గాలిదే. అదే పాలిస్టర్‌ను సాంచె మీద చీరగా నేస్తే ఆ వెచ్చదనం రాదు.

తడి సంగతిలో మాత్రం పోగు గుణమే ముఖ్యం. మామూలు తేమలో పాలిస్టర్ తన బరువులో సుమారు 0.4 శాతం నీటినే పీల్చుకుంటుంది. పత్తి సుమారు 8 శాతం, ఉన్ని దానికి దాదాపు రెట్టింపు పీలుస్తాయి. అందుకే ఫ్లీస్ త్వరగా ఆరుతుంది, బరువెక్కదు. ఇంతవరకు ఆధారం గట్టిదే. కానీ గాలి గట్టిగా వీస్తే మామూలు ఫ్లీస్ లోంచి దూరిపోతుంది, పైన ఇంకో పొర కావాలి. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు. భివండి ఉక్కలో ఈ జాకెట్టుకు ఏడాదిలో పని తక్కువ. చలికాలం రాత్రి పది డిగ్రీల కిందికి దిగే ఆదిలాబాద్ లాంటి చోటైతే లెక్క వేరు.

నష్టాల్లో మొదటిది నిప్పు. పోగు ఏదో తెలియాలంటే కాల్చి చూడటం బట్టల పనివాళ్లకు పాత అలవాటు. పత్తి కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. ఆ కరిగిన ముద్ద ఒంటికి అంటుకుంటే లోతుగా కాలుతుంది. పొయ్యి దగ్గర నూగు బట్ట వద్దనడానికి ఈ ఒక్క పరీక్ష చాలు.

రెండోది ఉతుకులో రాలే సన్నని పోగులు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంటా బార్బరా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కృత్రిమ పోగు జాకెట్టు ఒక్క ఉతుకులో సగటున 1.7 గ్రాముల పోగులు వదిలింది. పై మూత యంత్రాల్లో రాలింది ముందు తలుపు యంత్రాల్లో కంటే చాలా ఎక్కువ. ఆ పనికి డబ్బిచ్చినవాళ్లలో జాకెట్లు అమ్మే పటగోనియా కూడా ఉంది. ఫలితం అమ్మకందారుకు ఇబ్బంది కలిగించేదే కాబట్టి నాకైతే నమ్మదగినట్టుగానే ఉంది. అయితే అవి యంత్రాల లెక్కలు. బండ మీద బాది ఉతికే చేతి ఉతుకుకు ఆ 1.7 గ్రాములను అంటగట్టకూడదు. సీసాల నుంచి చేసిన నూలైనా పాలిస్టరే కనుక పోగు రాలడం దానికీ తప్పదు.

ఇక భివండి లెక్క. ఇక్కడి సాంచాల మీద దిగేది ఎక్కువగా గ్రే బట్ట. అద్దకం, ముగింపు పని ఆ తర్వాత సంగతి. ఫ్లీస్‌కు అల్లిక యంత్రం, అద్దకం, గీరే రోలర్లు, కత్తెర యంత్రం, వేడితో బిగించే యంత్రం అన్నీ వరుసగా ఉండాలి. ఆ వరుస పానిపట్, లూధియానాలలో ఉంది. పానిపట్ ఫ్లీస్ దుప్పట్లకు ప్రసిద్ధి కూడా. సేటు ఇచ్చిన నూలును మీటరు కూలికి నేసే చిన్న ఆసామికి కావాల్సింది నూలు మార్పు కాదు, యంత్రాల మార్పు. పాత సాంచెను తుక్కుకు అమ్మితే వచ్చే డబ్బుతో అయ్యే పని కాదది. పాలిస్టర్ నూలు చేతికందే చోట ఫ్లీస్ పరిశ్రమ దానంతటదే లేస్తుందన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.