ఖజానా వాళ్లని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు: కరోనా కాలంలో బ్రిటన్ పార్లమెంటు

 

ఈ మధ్య స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అందరూ ఆర్థిక శాఖలో ఆగిపోయింది అంటారు గదా, మరి ఆర్థిక శాఖని ఎవరు అడుగుతారు?" మంచి ప్రశ్న. నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పార్లమెంటరీ కమిటీల పాఠం పరీక్ష కోసం నాలుగు పాయింట్లు బట్టీ పట్టి వదిలేసేదాన్ని తలపించే పాఠం. కానీ కరోనా కాలంలో బ్రిటన్‌లో ఆ కమిటీలు ఏం చేశాయో చదివాక అసలు సంగతి అర్థమైంది. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ముందు చిన్న వెనక కథ. ప్రభుత్వం ఖర్చు పెట్టిన డబ్బుని తర్వాత లెక్క అడగడానికి బ్రిటన్‌లో పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 1861లో పుట్టింది. అప్పుడు ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్. దాని ఛైర్మన్ ప్రతిపక్షం మనిషే ఉండాలని ఆనవాయితీ. మన దేశంలో అదే పేరుతో కమిటీ 1921లో వచ్చింది, తెల్లవాళ్ల పాలనలోనే. ఒక్కో శాఖ మీద ఒక్కో సెలెక్ట్ కమిటీ అనే పద్ధతి అక్కడ 1979లో మొదలైంది. వాళ్ల ఆర్థిక శాఖని ట్రెజరీ అంటారు, దాని మీద ట్రెజరీ కమిటీ. సైన్స్ మీద ఇంకో కమిటీ. మంత్రులు, పెద్ద అధికారులు వచ్చి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. కమిటీ రిపోర్టు ఇస్తే ప్రభుత్వం మామూలుగా రెండు నెలల్లో లిఖితపూర్వకంగా బదులు ఇవ్వాలి. ఒప్పుకోవాలని మాత్రం లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇప్పుడు 2020కి వద్దాం. కరోనాకి నాలుగేళ్ల ముందే, 2016 అక్టోబరులో, బ్రిటన్‌లో 'సిగ్నస్' అని ఒక రిహార్సల్ జరిపారు. పెద్ద ఫ్లూ వస్తే ఆసుపత్రులు, అధికారులు ఎలా తట్టుకుంటారో చూసుకోవడానికి. రోగం గురించి ఆలోచించారు గానీ, ఆ రోగం వల్ల పని ఆగిపోతే జనం ఏం తింటారు అన్నది ఆలోచించలేదు. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2020 జులై 23న ఇచ్చిన రిపోర్టులో దీన్నే గట్టిగా పట్టుకుంది. ఆర్థికంగా ఏం చెయ్యాలో ముందస్తు ప్లాన్ లేకపోవడం తమకి నమ్మశక్యంగా లేదని, ట్రెజరీ మార్చి మధ్య దాకా ఏ పథకాలు పెట్టాలో తేల్చుకోలేదని రాసింది. నాకైతే ఇది ఈ కథ మొత్తంలో అసలు మాట అనిపిస్తుంది. డాక్టర్ల లెక్క ఒక గదిలో, డబ్బు లెక్క ఇంకో గదిలో. రెండు గదుల మధ్య తలుపు లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టాక ట్రెజరీ చాలా వేగంగా చేసింది. 2020 మార్చి 20న రిషి సునాక్ ఫర్లో పథకం ప్రకటించాడు. అప్పటికి ఆయన ఆర్థిక మంత్రి అయ్యి నెల దాటి కొద్ది రోజులే. ఉద్యోగిని తీసెయ్యకుండా ఇంట్లో ఉంచితే జీతంలో 80 శాతం, నెలకి 2,500 పౌండ్ల దాకా ప్రభుత్వమే ఇస్తుంది. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 20న, కంపెనీలు దరఖాస్తు పెట్టుకోవడం కూడా మొదలైంది. 2021 సెప్టెంబరు ఆఖరుకి పథకం ముగిసేలోపు 1 కోటి 17 లక్షల ఉద్యోగాలకి అది అందింది. ఖర్చు దగ్గర దగ్గర 7,000 కోట్ల పౌండ్లు. చిన్న విషయం కాదు.

కానీ ఏ పథకానికైనా ఒక గీత ఉంటుంది. గీతకి ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్నదే చరిత్ర.

సొంతంగా పని చేసుకునేవాళ్లకి మార్చి 26న ఇంకో పథకం వచ్చింది. దానికి 2018-19 సంవత్సరం పన్ను రిటర్న్ చూపించాలి. అంటే 2019లో పని మొదలుపెట్టిన ఎలక్ట్రీషియన్‌కి ఏమీ రాదు. లాభం 50,000 పౌండ్లు దాటినా రాదు. సంపాదనలో సగానికి మించి సొంత పని నుంచే రావాలి, లేకపోతే రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల పేరు ఫిబ్రవరి 28 నాటికి జీతాల లెక్కలో ఉండాలన్నారు. గోల అయ్యాక ఏప్రిల్ 15న ఆ తేదీని మార్చి 19కి జరిపారు. అయినా మిగిలినవాళ్లు మిగిలారు. చిన్న చిన్న కాంట్రాక్టుల మీద బతికే సినిమా, నాటకాల వాళ్లు, తమ చిన్న కంపెనీ నుంచి జీతం బదులు డివిడెండు తీసుకునేవాళ్లు, ఇలా.

ట్రెజరీ కమిటీ వీళ్లందరి గురించి విచారణ పెట్టింది. ఛైర్మన్ మెల్ స్ట్రైడ్. సునాక్ పార్టీ మనిషే, ఒకప్పుడు అదే ట్రెజరీలో మంత్రి కూడా. అయినా 2020 జూన్ 15న ఇచ్చిన రిపోర్టులో మొహమాటం లేకుండా రాశారు: పది లక్షల మందికి పైగా ఈ సాయం అందకుండా పోయారు, ఈ గీతలు సరిచెయ్యండి అని. తర్వాత అక్టోబరులో వాళ్ల నేషనల్ ఆడిట్ ఆఫీసు ఆ లెక్క 29 లక్షల దాకా ఉండొచ్చు అంది. ట్రెజరీ జవాబు? కుదరదు. ఎక్కువగా చెప్పిన కారణం ఏంటంటే, కాగితం లేకుండా ఇస్తే మోసాలు జరుగుతాయి అని.

ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అదే ట్రెజరీ 2020 మే 4న 'బౌన్స్ బ్యాక్' అప్పులు మొదలుపెట్టింది. వ్యాపారాలకి 50,000 పౌండ్ల దాకా అప్పు, తిరిగి కట్టకపోతే నూటికి నూరు శాతం ప్రభుత్వమే బ్యాంకుకి కడుతుంది. అర్హత ఉందని అడిగేవాడు తనే రాసిచ్చుకుంటే చాలు. దాదాపు 4,700 కోట్ల పౌండ్లు అలా వెళ్లాయి. అందులో 1,500 నుంచి 2,600 కోట్ల దాకా తిరిగి రాకపోవచ్చని ఆడిట్ ఆఫీసు అప్పుడు అంచనా వేసింది. అందులో మోసం ఉంది, కట్టలేకపోవడమూ ఉంది. 2022 జనవరి 24న లార్డ్ ఆగ్న్యూ అనే ట్రెజరీ మంత్రి, ఈ మోసాలని ప్రభుత్వం పట్టించుకోవట్లేదని ప్రభువుల సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే రాజీనామా చేసి బయటికి నడిచాడు. మోసం భయం ఎలక్ట్రీషియన్‌కి ఒకలాగ, బ్యాంకు అప్పుకి ఇంకోలాగ పనిచేసిందన్నమాట.

మన తెలుగోళ్లకి తగిలిన ముక్క ఒకటి ఉంది. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి, ఇంకా చాలా రకాల వీసాల వాళ్లకి 'ప్రభుత్వ నిధుల్లో వాటా లేదు' అని షరతు ఉంటుంది. ఫర్లో దానిలోకి రాదు గానీ, యజమాని ఫర్లోలో పెట్టకుండా పొమ్మంటే ఇక ప్రభుత్వ భత్యం ఏదీ ఉండదు. హోటళ్లలో పార్ట్‌టైం చేసి గది అద్దె కట్టుకునే పిల్లలకి, మన హైదరాబాదు, గుంటూరు నుంచి వెళ్లినవాళ్లతో సహా, వర్తించే రూలు ఇదే. తూర్పు లండన్‌లో భారతీయ విద్యార్థులు ఉచిత సరుకుల కోసం లైన్లలో నిలబడ్డారు. అక్కడి ఈస్ట్ హామ్ ఎంపీ స్టీఫెన్ టిమ్స్ 2020 మే 27న కమిటీ ఛైర్మన్లందరూ కూర్చునే లియాజన్ కమిటీలో ప్రధాని బోరిస్ జాన్సన్‌నే అడిగాడు. తన నియోజకవర్గంలో ఒక కుటుంబం ఉంది, పిల్లలున్నారు, ఏళ్లుగా పనిచేస్తున్నారు, ఇప్పుడు ఏ సాయమూ లేదు, ఎందుకని? ప్రధానికి ఆ షరతు ఉన్న సంగతే తెలియనట్టు, ఎందుకు రావట్లేదని ఎదురు అడిగాడు. ఒక కుటుంబం కష్టం, ఒక ఎంపీ, ఒక కెమెరా. దేశాన్ని నడిపే మనిషికి తన సొంత రూలు తెలియదని జనానికి తెలిసిపోయింది. రూలు మాత్రం మారలేదు.

ఇక సైన్స్ సలహా సంగతి. ఇదే అందరికీ గుర్తున్న గొడవ: 'ఈట్ అవుట్ టు హెల్ప్ అవుట్'. 2020 ఆగస్టు 3 నుంచి 31 దాకా సోమ, మంగళ, బుధవారాల్లో హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్ల దాకా ప్రభుత్వం కడుతుంది. మందుకి వర్తించదు లెండి. 16 కోట్ల పైచిలుకు భోజనాలు, ఖర్చు దాదాపు 84 కోట్ల పౌండ్లు. ప్రకటించే ముందు ఇద్దరు పెద్ద శాస్త్ర సలహాదారులు, క్రిస్ విట్టీ, పాట్రిక్ వాలెన్స్‌లని అడగనే లేదు. ఈ సంగతి తర్వాత జరిగిన కోవిడ్ విచారణలో వాళ్లే చెప్పారు. 2023 డిసెంబరు 11న అదే విచారణ ముందు సునాక్ (అప్పటికి ప్రధాని) ఏమన్నాడంటే, హోటళ్లు తెరవడానికి అప్పటికే అనుమతి ఉంది, ఆ పరిధిలోనే మా పథకం, ప్రకటించాక మొదలయ్యేలోపు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అని. వార్విక్ యూనివర్సిటీకి చెందిన థీమో ఫెట్జర్ లెక్క ప్రకారం ఆ కాలంలో కొత్తగా పుట్టిన ఇన్‌ఫెక్షన్ గుంపుల్లో 8 నుంచి 17 శాతం ఈ పథకం వల్లే. ట్రెజరీ ఆ లెక్కని ఒప్పుకోలేదు.

ఇందులో నాకు నచ్చిన మనిషి మాత్రం సైంటిస్టు కాదు, ఒక అధికారి. అప్పటి పన్నుల శాఖ అధిపతి జిమ్ హారా. ఈ పథకం పెట్టే డబ్బుకి తగిన ఫలితం ఇస్తుందని తాను చెప్పలేనని 2020 జులై 7న మంత్రికి రాతపూర్వకంగా రాసి, చెయ్యమంటే రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమన్నాడు. సునాక్ ఇచ్చాడు. ఆ ఉత్తరాలు బయటపెట్టారు కూడా. మన ఆఫీసుల్లో "పై నుంచి ఆర్డర్" అనే మాట ఎన్నిసార్లు విన్నామో. ఆ పైన ఎవరు, ఏ తేదీన, ఏ కాగితం మీద అన్నది అక్కడ ఎవరైనా చదువుకోవచ్చు.

అదే ఏడాది శీతాకాలంలో ఇంకో పేచీ. ఉత్తరాన మాంచెస్టర్ ప్రాంతాన్ని అక్టోబరులో కఠిన ఆంక్షల్లో పెట్టినప్పుడు మూతపడ్డ చోట జీతంలో 67 శాతమే ఇస్తామన్నారు. మేయర్ ఆండీ బర్నమ్ 6.5 కోట్ల పౌండ్లు అడిగితే 6 కోట్ల దగ్గర బేరం తెగిపోయింది. పదకొండు రోజులకే, అక్టోబరు 31న, ఇంగ్లండు మొత్తానికి లాక్‌డౌన్ ప్రకటించారు. అప్పుడు 80 శాతం మళ్లీ వచ్చింది. లండన్ మూతపడితే 80, మాంచెస్టర్ మూతపడితే 67. దూరంగా ఉన్నవాళ్లకి ఇది ఎలా ఉంటుందో మనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

నవంబరులో మెల్ స్ట్రైడ్ కమిటీ, ఆంక్షల వల్ల ఆర్థికంగా ఎంత నష్టమో మీ దగ్గరున్న లెక్కలు బయటపెట్టండి అని ట్రెజరీని పట్టుకుంది. 30న ఒక పత్రం వచ్చింది. తెల్లారితే ఓటింగు. పాత అంకెలే మళ్లీ వడ్డించారని స్ట్రైడ్ విసుక్కున్నాడు. జ్వరం వచ్చినవాడు ఇంట్లో ఉండాలంటే ఇంట్లో తిండి ఉండాలి అన్న చిన్న విషయం కూడా ఆలస్యంగానే తెలిసింది. జబ్బు సెలవు భత్యం అప్పట్లో వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు. తక్కువ సంపాదన వాళ్లకి 500 పౌండ్ల సాయం సెప్టెంబరు 28కి గానీ రాలేదు.

మరి మన దగ్గర? బ్రిటన్ కామన్స్ సభ 2020 ఏప్రిల్ నెలాఖరు నుంచే కొందరు స్క్రీన్ల మీద, కొందరు సభలో కూర్చుని నడిచింది. కమిటీలు ఇళ్ల నుంచే విచారణ చేశాయి. మన కమిటీలకి ఆన్‌లైన్‌లో కూర్చోవడానికి అనుమతి రాలేదు. సెప్టెంబరు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు, రాతపూర్వక ప్రశ్నలు మాత్రం ఉంచారు. 14వ తేదీన వలస కూలీల మరణాల గురించి లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్కలేవీ లేవు, కాబట్టి పరిహారం అనే ప్రశ్నే రాదు అని కార్మిక శాఖ జవాబు. ఆ ఏప్రిల్‌లోనే ములుగు వైపు మిర్చి పనికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప, బస్సుల్లేక అడవి దారిన మూడు రోజులు నడిచి, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో సొంతూరు దగ్గరపడ్డాక ప్రాణం వదిలింది. పేపర్లన్నీ రాశాయి. లెక్కలో లేదు.

బ్రిటన్ కమిటీలు గెలిచాయా అంటే, చాలావరకు లేదు. కానీ వాళ్ల రిపోర్టులో ఆ పది లక్షల మంది ఒక అంకెగా ఉన్నారు. ఆ అంకెని పట్టుకుని జనం నెలల తరబడి అడుగుతూనే ఉన్నారు. 2021 మార్చి 3న బడ్జెట్‌లో సునాక్ గీతని కొంచెం జరిపాడు. 2019-20 రిటర్న్ అంతకుముందు రోజు అర్ధరాత్రిలోపు వేసినవాళ్లు కూడా నాలుగో విడత సాయానికి అర్హులే అన్నాడు. అలా 6 లక్షల మందికి పైగా కొత్తగా లోపలికి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. మొదటి రిపోర్టుకీ దీనికీ మధ్య ఎనిమిదిన్నర నెలలు. డివిడెండు మీద బతికేవాళ్లు, చిన్న కాంట్రాక్టుల వాళ్లలో చాలామంది చివరిదాకా బయటే ఉండిపోయారు.

వచ్చే పోస్టులో మన ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్ గురించి రాస్తాను. ఐదో షెడ్యూల్ ప్రకారం ఏర్పడేది, 20 మంది లోపు సభ్యులు, అందులో నాలుగింట మూడొంతులు మన ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. దాని సమావేశాల మినిట్స్ ఎవరి దగ్గరైనా ఉంటే, పాతవైనా సరే, ఫొటో తీసి పంపండి.